బిళ్ల కట్టిన కాలు

ఉప్పలయ్య కూర్చుని చాయ్ తాగడం ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర ఎవరూ చూసి ఉండరు. దానియేలు బండి పక్కన ప్లాస్టిక్ స్టూళ్ళు ఖాళీగా ఉన్నా సరే, ఆయన ప్రహరీ గోడకు భుజం ఆనించి నిలబడతాడు. గ్లాసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూ, ఎడమ కాలి మీద బరువు మోపి, కుడి పాదాన్ని నేలకు అంటీ అంటనట్టు ఉంచి, వేడి వేడిగానే తాగేస్తాడు.

"జెర కూసోరాదే ఉప్పలన్నా. స్టూల్ ఏమన్న కిరాయి అడుగుతదా?" అంటాడు దానియేలు.

"కూసుంటే మల్ల లెవ్వబుద్ధి గాదు తమ్మీ. నీ చాయ్ గట్లుంటది."

"గంత మంచిగుంటదా?"

"గంత పల్సగుంటది. తాగినోనికి లేసే తాకత్ ఉండది."

దానియేలు తిట్టేలోపే ఉప్పలయ్య రోడ్డు దాటేసేవాడు. చేతిలో స్టీలు డబ్బా. అందులో దూది పరచి, దాని మీద పేర్చిన లోహపు బిళ్లలు. ఇంజనీరింగ్ కాలేజీ వెనుక ఉన్న ల్యాబులో వాటికి పూత వేస్తారు. ఆ పూత పనిచేస్తోందో లేదో చూడడానికి సైన్స్ కాలేజీ వైపున్న మరో ల్యాబులో క్రిముల మధ్య పెడతారు. ఈ రెండింటి మధ్య తిరిగేది ఉప్పలయ్య. గాజు సామాను కడగడం, పెద్ద కుక్కరు లాంటి యంత్రంలో పెట్టి ఆవిరి పట్టడం, డబ్బా తీసుకుపోవడం, తీసుకురావడం. కాంట్రాక్టు ఉద్యోగం. క్యాంపస్‌లో అందరూ ఎండకు చెట్ల నీడన పోతుంటే ఆయన మాత్రం అడ్డదారిన, ఎండలోనే, ఎవరో తరుముతున్నట్టు నడిచేవాడు.

ఆయన ముందునుంచీ అంతే. జనగామ దగ్గరి పల్లెలో తండ్రి చెలక దున్నుతుంటే గట్టు మీద కూర్చోకుండా నాగలి వెంట తిరిగిన పిల్లవాడు. మేనమామ పట్నం తీసుకొచ్చి ముషీరాబాద్‌లో వెండి పూత వేసే దుకాణంలో పెట్టాడు. పూజ పళ్ళేలు, కుంకుమ భరిణెలు, బోనాల ముందైతే రాగితో చేసిన అమ్మవారి ముఖాలు వరసగా వచ్చేవి. వాటిని రుద్ది, కడిగి, తీగకు వేలాడదీసి తొట్టిలో ముంచేవాడు. నల్లగా దిగిన ముఖం తెల్లగా పైకి వచ్చేది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం ఆయనకు విసుగు పుట్టలేదు. సేటు దుకాణం మూసేశాక కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి ఈ ల్యాబులో చేరాడు. ఇక్కడి వాళ్ళు వేసే పూతలో కూడా వెండి ఉంటుందని తెలిసినప్పుడు ఆయనకు సొంత ఊరివాళ్ళు తగిలినట్టయింది.

"మేం దేవుళ్ళకు ఏస్తుంటిమి. మీరు బొక్కలకు ఏస్తున్నరు. గంతే గదా మేడం?" అని శ్రీలలితను అడిగాడు.

శ్రీలలిత ఖమ్మం నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పూత పని ఆమెదే. ఆమె నవ్వింది. "బొక్కలకు కాదన్నా. బొక్కలు విరిగితే లోపల పెడతారే, ఆ కడ్డీలకు, ప్లేట్లకు. వాటి మీద క్రిములు చేరితే మందులకు లొంగవు. చేరకుండా ముందే పూత వేస్తే బాగుంటదని చూస్తున్నాం."

ఉప్పలయ్య తలాడించి, కుడి కాలు వెనక్కి జరుపుకున్నాడు.

ఆ కాలిలో కడ్డీ ఉంది. ఒక వానరోజు మెట్టుగూడ దిగుడులో టీవీఎస్ బండి జారి, మోకాలి కింద ఎముక విరిగింది. దవాఖానలో ఎముక గుండా పొడుగాటి కడ్డీ దించి, స్క్రూలు బిగించారు. ఎముక సగం అతికి ఆగిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు, డబ్బా పట్టుకుని మళ్ళీ నడిచాడు. కొన్ని నెలలకు చీలమండకు పైన చర్మం ఎర్రబడి, పొక్కు లేచి, చితికింది. అందులోంచి చీము కారడం మొదలైంది. మానినట్టే మాని మళ్ళీ కారేది. భార్యకు చెప్పకుండా ఒక్కడే దవాఖానకు పోయాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, కడ్డీకే ఇన్ఫెక్షన్ పట్టిందనీ, దాన్ని తీసి లోపల శుభ్రం చేసి, తర్వాత ఇంకోటి వేయాలనీ చెప్పాడు. ఊరికే నాన్చితే కాలే తీసేయాల్సి రావచ్చు, జాగ్రత్త అన్నాడు.

"సరే సార్, వస్త," అని వచ్చేశాడు. ఆపరేషన్ అంటే నెలల తరబడి మంచం. మంచం అనుకుంటేనే ఆయనకు ఊపిరాడలేదు. ఇంట్లో స్వరూపతో, "మలాం రాసిండ్రు, తక్కువైతది" అన్నాడు. ఆమె తార్నాకలో ఒక లేడీస్ హాస్టల్‌లో రొట్టెలు చేస్తుంది. తెల్లారకముందే పోతుంది. ఆయన లుంగీ మానేసి, ఇంట్లో కూడా ప్యాంటుతోనే తిరగడం మొదలుపెట్టాడు.

అయినా వెళ్ళి ఉండేవాడేమో. ఈలోగా ఒక పొద్దున సైన్స్ కాలేజీ వైపున్న ల్యాబులో శ్రీలలిత గట్టిగా పిలిచింది.

"ఉప్పలన్నా! ఇటు రా, చూడు!"

ఆమె చేతిలో గాజు పళ్ళెం. అడుగున జున్నులాంటి పదార్థం, దాని మీద తెల్లగా పరుచుకున్న క్రిములు. నడుమ రెండు బిళ్లలు. ఒకటి పూత లేనిది, దాని అంచుదాకా తెలుపు కమ్ముకొచ్చింది. రెండోది పూత వేసింది. దాని చుట్టూ గుండ్రంగా, ఊడ్చిన వాకిలిలాగా, ఏమీ లేదు.

"ఒక్కటంటే ఒక్కటి దగ్గరికి రాలేదు!" అంది శ్రీలలిత. చిన్నపిల్లలా మునివేళ్ళ మీద ఎగిరింది.

ఉప్పలయ్య ఆ ఖాళీ గుండ్రాన్ని చూస్తూ ఉండిపోయాడు. ప్యాంటు లోపల తడి కిందికి జారుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"ఇది బయటికి ఎప్పుడొస్తది మేడం? దవాఖానలకు?"

"వచ్చేస్తది అన్నా, ఇంక ఎంతసేపు!" అంది ఆమె. ఆ సంతోషంలో ఎవరు ఏం అడిగినా అలాగే అనేది.

ఉప్పలయ్య మాత్రం ఆ మాటను పట్టుకున్నాడు. ఎలాగూ ఇంకో కడ్డీ వేయాలి. సాదాది వేస్తే దాని మీదా చేరవని నమ్మకం ఏమిటి? వేయించుకుంటే మనదే, ఈ పూత ఉన్నదే వేయించుకోవాలి. అప్పటిదాకా ఎలాగో ఓర్చుకోవాలి. ఆ రోజు నుంచి డబ్బా మోయడంలో తొందర ఇంకా ఎక్కువైంది. తాను ఎంత త్వరగా నడిస్తే పూత అంత త్వరగా తయారవుతుందన్నట్టు నడిచాడు. గేటు దగ్గర ఎవరైనా ఆపి పలకరిస్తే చిరాకు పడ్డాడు. యంత్రంలోంచి ఆవిరి పోయేదాకా ఆగలేక మూత చుట్టూ తిరిగాడు.

కాలు మాత్రం ఆగేలా లేదు. చీము ఎక్కువైంది, వాసన మొదలైంది. మెట్రో మెట్ల కింద ఒకామె ముక్కు మూసుకుని పక్కకు జరిగినప్పుడు, మురుగు కాలువను చూసి అనుకుని ఆయన కూడా ముక్కు మూసుకున్నాడు. తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నం బిళ్లలు డబ్బాలో సర్దుతుండగా ఆయన చేయి ఒకదాని దగ్గర ఆగింది. అప్పుడే పూత వేసి ఆరబెట్టింది. రూపాయి బిళ్లంత ఉంది. చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలి బొప్పి కడితే అమ్మ రూపాయి బిళ్లను అదిమిపెట్టి, పైన గుడ్డతో బిగించి కట్టేది. అది వట్టి రూపాయి. ఇది క్రిములు భయపడి దూరం జరిగే బిళ్ల. ఆయన కళ్ళతో చూశాడు. ఇక ఆలోచించలేదు. బాత్‌రూములోకి పోయి, బిళ్లను పుండు మీద పెట్టి, జేబులోని పాత చీర అంచుతో గట్టిగా బిగించి కట్టాడు. తిరిగి పెట్టేస్తాను, నాలుగు రోజులే గదా అనుకున్నాడు.

మర్నాడు తడి లేదు. ఆ మర్నాడూ లేదు. ఉప్పలయ్యకు నవ్వు ఆగలేదు. దానియేలు బండి దగ్గర రెండో గ్లాసు అడిగి తాగాడు. ఇంటికి పోతూ స్వరూపకు మల్లెపూలు కొన్నాడు.

"ఏంది, ఏమన్న తప్పు జేసి వచ్చినవా?" అంది స్వరూప.

"పూలు తెస్తే కూడా అనుమానమేనా?"

"పదేండ్లకు ఒక్కసారి తెస్తే అనుమానం గాదా?"

ఆ మర్నాటి నుంచి కాలు బరువెక్కింది. పిక్క గట్టిపడి, మోకాలి దాకా సలుపు పాకింది. బిళ్ల పనిచేస్తోంది కాబట్టే పోట్లాట జరుగుతోందని తనకు తాను చెప్పుకున్నాడు. వారం చివర్లో పొద్దున్నే ఒళ్ళు కాలుతూ లేచాడు. అయినా పనికి వచ్చాడు. గోడలు పట్టుకుంటూ ల్యాబులోకి అడుగుపెట్టేసరికి శ్రీలలిత నేల మీద మోకాళ్ళూని బీరువా కింద చూస్తోంది.

"అన్నా, ఒక బిళ్ల తక్కువుంది. ఇవాళ మధ్యాహ్నం క్రిముల్లో పెట్టాల్సిన వాటిల్లో. నువ్వేమన్న చూసినవా?"

"లేదు మేడం."

"నేనే ఎక్కడో పడేసిన. మా అమ్మ ఊరికే అనదు, నెత్తి మీద కళ్ళద్దాలు పెట్టుకొని ఇల్లంతా ఎతుకుతవని. ఒకే రోజు, ఒకే తొట్టిలో వేసినవి అన్నా అవి. ఒకటి పోతే మొత్తం మళ్ళీ వేయాలె."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె తనను అనుమానించి ఉంటే ఉప్పలయ్యకు కొంత తేలికగా ఉండేది. అనుమానించలేదు. అందుకే ఆయన కూడా నేల మీదికి వంగాడు. తన కాలికి కట్టుకున్న దాన్నే బల్లల కింద, సింకు వెనుక, అట్టపెట్టెల సందుల్లో వెతికాడు. ఒకవైపు పళ్ళు పటపటలాడుతున్నాయి. ఇంకోవైపు, ఇప్పుడే బయటికి పోయి విప్పి, కడిగి, ఏ మూలనో పడేసి దొరికిందని అరిస్తే అయిపోతుందన్న ఆలోచన.

లేవబోయాడు. కుడి కాలు సహకరించలేదు. బల్ల పట్టుకుని ఊగాడు. చెమటకు నానిన చీర పీలిక జారింది. బిళ్ల నేల మీద టంగుమని పడి, గుండ్రంగా తిరిగి, శ్రీలలిత మోకాలి దగ్గర పడుకుంది.

"దొరికింది!" అంటూ ఆమె గబుక్కున తీసుకుంది. తీసుకున్నాక వేళ్ళ వైపు చూసుకుంది. పసుపుపచ్చగా, జిగటగా. వాసన. ఆమె చూపు బిళ్ల నుంచి ఉప్పలయ్య ప్యాంటు అంచుకు వెళ్ళింది. అక్కడినుంచి చీము, నెత్తురు చెప్పులోకి కారుతున్నాయి.

"ఇదేందన్నా?"

ఆయన ప్యాంటు పైకి మడిచాడు. పిక్క అంతా నున్నగా, ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నదిది? ఎందుకు చెప్పలేదు?"

"పూత వచ్చేదాంక ఓర్చుకుందామని మేడం."

"ఏ పూత?"

"మనదే."

శ్రీలలిత బిళ్లను కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. ఈలోపే ఉప్పలయ్య మాట్లాడడం మొదలుపెట్టాడు. జ్వరంలో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నాకు తెలుసు మేడం, కడ్డీ తియ్యాలని. తీసినంక మీ దగ్గరికే తెస్త. మంచిగ కడిగి, రుద్ది తెస్త. మీరు ముంచియ్యుండ్రి, గదే మల్ల ఏపించుకుంట. ముషీరాబాద్‌ల గట్లనే చేస్తుంటిమి. అమ్మోరి ముఖం నల్లవడితే మల్ల ముంచుతే కొత్తదే గదా?"

"అమ్మవారి ముఖం వెనక ప్రాణం ఉన్న బొక్క లేదన్నా. నీకున్నది." "ఈ పూత కొత్త కడ్డీ మీద క్రిములను కూసోనియ్యదు. అంతే. ముందే కూసున్నవాటిని లేపలేదు. నీ కడ్డీ మీద అవి జిగురు కప్పుకొని, ఇల్లు కట్టుకొని ఉన్నయి. నువ్వు పైన బిళ్ల కట్టి ఏం చేసినవో తెలుసా? చీము బయటికొచ్చే దారి మూసినవ్. అది లోపలే నిండింది."

"మరి వచ్చేస్తదంటిరి గదా."

ఆ మాట తానే అన్నట్టు శ్రీలలితకు గుర్తొచ్చినట్టుంది. గోడకు ఆనుకుని నిలబడింది.

"వచ్చేస్తదని అన్న. తప్పుగ అన్న," అంది. "గాజు పళ్ళెంల పనిచేసిందన్నా, అంతే. ఇంక జంతువుల్లో చూడాలె. తర్వాత పర్మిషన్లు, తర్వాత మనుషుల్లో. వెండి ఎక్కువైతే బొక్కకే హాని అవుతదేమో అది కూడా చూడాలె. నా చదువు అయిపోయినంక కూడా ఇంకెవరో చేస్తనే ఉంటరు. అసలు వస్తదో రాదో కూడా తెల్వదు."

"మరి మనం రోజు చేసేది ఎవ్వరికోసం మేడం?"

ఆమె ఫోనులో ఆటో కోసం వెతుకుతోంది. రెండుసార్లు తప్పు అడ్రసు కొట్టింది.

తార్నాకలో హాస్టల్ ముందు ఆటో ఆగేసరికి ఫోను అందుకున్న స్వరూప గేటు బయటే ఉంది. చేతులకు పిండి. ఎక్కి కూర్చుని, ఏమీ అడగకుండా ముందు ప్యాంటు మడత పైకి లాగింది. చూసింది. వాహనాల మధ్య ఆటో ఇరుక్కుని హారన్లు మోగుతుంటే, ఆ రొదకు మించి అరిచింది.

"ఇంట్ల నా పక్కన పండుకొని కాలు దాసినవా? గది నీ ఒక్కనిదేనా? రేపు అది పోతే, నిన్ను పొద్దుందాంక మోసేది ఎవరు, నీ పూతనా?"

"పూల రోజు మంచిగనే ఉండె," అన్నాడు ఉప్పలయ్య.

"నోరు మూసుకో." ఆమె కొంగుతో ఆయన మెడ మీది చెమట తుడిచింది. "మేడం, మీరన్న చెప్పుండ్రి" అని శ్రీలలిత వైపు తిరిగింది కానీ, ఆ పిల్ల ఏడుస్తోంది. దాంతో స్వరూప ఇద్దరినీ వదిలేసి ఆటోవాడి మీద పడింది. "ఏమన్నా, సందులకెల్లి పోరాదు?"

దవాఖానలో అదే డాక్టరు. గుర్తుపట్టాడు. మందలించడానికి కూడా సమయం తీసుకోలేదు. ముందు చీము తీసి, కడ్డీ తీసేయాలన్నాడు. లోపలంతా గీకి కడిగాక, మందు కలిపిన సిమెంటుతో చేసిన కడ్డీని కొన్ని వారాలు ఎముకలో ఉంచుతానన్నాడు.

"సిమెంటా సార్?" ఉప్పలయ్య తల ఎత్తాడు.

"ఇల్లు కట్టేది కాదులే. అది మెల్లగా మందు వదులుతది. క్రిములు పోయినయని నమ్మకం కుదిరినంక, మళ్ళీ లోహం కడ్డీ వేస్తం."

"పూత ఉన్నదా, సాదాదా?"

డాక్టరు శ్రీలలిత వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఉప్పలయ్య వైపు తిరిగాడు. "పూత వేసినవి వేరే దేశాల్ల కొన్ని ఉన్నయంటరు. నా దగ్గర లేవు. నేను వేసేది సాదాదే."

"దానికి మల్ల గిట్లనే అయితే?"

"కావచ్చు. చాలామందికి కాదు. కొందరికి అయితది. కాదని మాటిస్తే నేను అబద్ధమాడినట్టు."

నర్సు అంగీకార పత్రం తెచ్చింది. లోపల మరీ పాడై ఉంటే కాలు తీయడానికి కూడా ఒప్పుకుంటున్నట్టు అందులో ఉందని చదివి చెప్పింది. ఉప్పలయ్య పెన్ను పట్టుకున్నాడు. అప్పుడు కూడా మనసు అటే పోయింది. ఇంకొన్ని నెలలు, ఇంకొన్ని పళ్ళేలు, ఎవరైనా ఇంకొంచెం తొందరగా నడిస్తే... ఎడమ పాదం నేల మీద ఆడిస్తూనే ఉన్నాడు. కుడి పాదం ఆడలేదు. ఆడించాలని చూశాడు. వేళ్ళు ఎవరివో అన్నట్టు ఊరుకున్నాయి. ఆయనకు అప్పుడు భయం వేసింది. జ్వరం వణుకు కాదు, మామూలు భయం.

"ఎయ్యిండ్రి సార్," అన్నాడు. "సాదాదే ఎయ్యిండ్రి."

సంతకం వంకరగా పడింది.

కాలు దక్కింది. మంచం మీద ఉన్న వారాల్లో ఆయన వార్డులో అందరికీ తలనొప్పి అయ్యాడు. పక్క మంచం వాళ్ళ సెలైన్ బాటిల్ అయిపోవచ్చిందంటూ నర్సులను కేకేసేవాడు, కిటికీ తెరవమనేవాడు, మూయమనేవాడు. శ్రీలలిత ఒక ఆదివారం వచ్చి, బిళ్లలన్నీ మళ్ళీ వేశానని చెప్పింది. ఈసారి పూత కొన్ని చోట్ల లేచిపోతోందట. ఎందుకో తెలియడం లేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఏదీ దాచలేదు, దేనికీ వచ్చేస్తదని అనలేదు. ఉప్పలయ్య చాలాసేపు విని, "డబ్బ ఎవరు మోస్తున్నరు?" అని అడిగాడు.

"నేనే."

"నీడన పోకుండ్రి. దూరమైతది."

ఇప్పుడు ఆయన కాలిలో కొత్త కడ్డీ ఉంది. సాదాది. చేతికర్రతో మొదలై, తర్వాత కర్ర లేకుండా, మళ్ళీ ఆ రెండు ల్యాబుల మధ్య నడుస్తున్నాడు. కొంచెం వంగి నడుస్తాడు, ఆ కాలు కాస్త పొట్టిదైంది. లోపల క్రిములు ఉన్నాయో లేవో ఎవరూ చెప్పలేరు. చర్మం చెప్పాలి.

స్వరూప హాస్టల్‌కు కాస్త ఆలస్యంగా వస్తానని మాట్లాడుకుంది. రోజూ వెలుతురు వచ్చాక గడప దగ్గర కూర్చుని, ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుంటుంది. మోకాలి నుంచి చీలమండ దాకా బొటనవేలితో ఒత్తుకుంటూ వస్తుంది. పాత మచ్చ దగ్గర ఆగి, వంగి చూస్తుంది.

"పొడిగనే ఉన్నది."

"గీడ ఒత్తు."

"ఒత్తిన."

"ఇంకొంచెం కిందికి. వెచ్చగ లేదా?"

"ఎండ పడుతున్నది, అందుకే వెచ్చగున్నది. ఇంక లే, నాకు పొద్దు పోతున్నది."

"ఒక్కసారి. మల్ల చూడు."

స్వరూప విసుక్కోలేదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ ఒత్తింది. ఉప్పలయ్య కాలు వైపు చూడడం లేదు. ఆమె ముఖం వైపు చూస్తున్నాడు.